మా బరువూ మేమూ

బరువు తగ్గటాన్ని గురించి మన మాసపత్రికకు వ్రాస్తున్నామని తెలిసి ముందుగా నవ్వినవారు మా పిల్లలే. "మొదట మీరు పూర్తిగా తగ్గి, తరవాత వ్రాయరాదా?" అన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. కాని పూర్తిగా తగ్గేదాకా ఆగితే ఈ వ్యాసం ఎన్నటికీ వెలువడదు. అందుచేత ఉన్నదున్నట్టు చదువరులకు మనవి చేసుకుంటున్నాము.

మేమంటే పెద్ద సంఘమేమీ కాదు; షోలాపురం తూర్పుభాగంలో, అశోక్ చౌక్‌కు దగ్గరి గల్లీలో కాపురముంటున్న ఆలుమగలం. ఒకరం తువ్వాళ్ల కార్ఖానాలో లెక్కలు వ్రాస్తాము. ఇంకొకరం ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తీరినప్పుడు తువ్వాళ్ల అంచులు కుట్టుకుంటాము. ఇద్దరి పనీ కూర్చునే పనే. 2016లో మా బరువులు 84 కిలోలు, 76 కిలోలు. ఇందులో ఏది ఎవరిదో చెప్పవద్దని ఇంట్లో కట్టడి.

మన తాతలు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలనుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఇక్కడికి చేరినవారు. 1877లో మొదటి నూలుమిల్లు వెలిసిన తరవాత ఈ ఊరికి మనవారి రాక పెరిగింది. మా తాత గుంటమగ్గం మీద పనిచేసేవారు. పొద్దున గుంటలోకి కాళ్లు దించితే చీకటిపడేదాకా కాళ్లు తొక్కుతూనే ఉండేవి, చేతులు నాడె ఆడిస్తూనే ఉండేవి. మధ్యాహ్నం మూడు జొన్నరొట్టెలు, శేంగా చట్నీ, పచ్చిపులుసు ఆనందంగా తినేవారు. పొట్ట మాత్రం వీపుకు అంటుకునే ఉండేది. మా నాయిన కాలానికి మరమగ్గాలు వచ్చాయి. రెండు మగ్గాల నడుమ నిలబడి అటూయిటూ తిరిగేవారు. మా కాలానికి కుర్చీ వచ్చింది. పని మారింది గాని కంచం మారలేదు. తిండి తాతది, పని మనుమడిది! పొట్ట ఎందుకు రాదు?

ఇది మన గల్లీ ముచ్చట మాత్రమే కాదు. లండన్ నగరంలో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక సంగతి ప్రకటించాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటె, కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా ఉన్నదట. మూడేండ్ల తరవాత ఆయనే వారి యూనిఫారాల కొలతలు గూడా తీయించి చూస్తే, డ్రైవర్ల లాగుల నడుము వెడల్పు! కొందరు కొలువులో చేరేటప్పటికే లావట. కాబట్టి దోషమంతా కుర్చీదే అనటానికి వీల్లేదు. కుర్చీకి పాలున్నదని మాత్రం లోకానికి తెలిసివచ్చింది.

ఇక మాకు కనువిప్పు ఎట్లా అయిందో చెప్పాలి. మా ఇద్దరిలో ఒకరికి అన్న, మరొకరికి బావగారు అయిన పెద్దాయనకు పదకొండేండ్లుగా చక్కెరజబ్బు. మాత్రలు జ్ఞాపకమొస్తే వేసుకునేవారు, లేకపోతే లేదు. కాలి బొటనవ్రేలికి చిన్న పుండు అయింది. చెప్పు కరిచిందనుకున్నాము. 2016 ఎండాకాలంలో మోకాలి క్రిందికి కాలు తీసివేయవలసి వచ్చింది. ప్రతి శ్రావణ పౌర్ణమికి మార్కండేయస్వామి రథంతో నడిచిన మనిషి, ఆ యేడు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. రథం గల్లీ మొగన దాటిపోతుంటే ఆయన ముఖం చూడలేక మేము తలలు వంచుకున్నాము. ఆ వారంలోనే మేమిద్దరం రక్తం పరీక్ష చేయించుకున్నాము. "ఇంకా జబ్బు రాలేదు, గడపలో ఉన్నది" అన్నారు డాక్టరుగారు.

భయం మనిషిచేత తొందరపని చేయిస్తుంది. నెలలో పది కిలోలు తగ్గించే పథ్యమంటూ ఎవరో చెప్పగా పట్టుకున్నాము. పొద్దున నిమ్మరసం, తేనె కలిపిన వేడినీళ్లు. మధ్యాహ్నం ఒక్క రొట్టె. రాత్రికి కీరదోస ముక్కలు. పంతొమ్మిది రోజుల్లో అయిదేసి కిలోలు తగ్గి మహా సంబరపడ్డాము. తలనొప్పులు, నీరసం, అయినదానికీ కానిదానికీ కీచులాటలు మాత్రం లెక్కలో వేసుకోలేదు. ఇరవయ్యో రోజున దగ్గరివారి ఇంట పెండ్లి. విస్తట్లో పోలె పడింది. ఒక్కటి తిన్నాము. "ఎట్లాగూ వ్రతం చెడింది గదా" అని ఇంకో మూడు తిన్నాము. మర్నాడు పథ్యం ఊసు లేదు. మూడు నెలల్లో అయిదుకు ఏడు కిలోలు తిరిగివచ్చాయి, వడ్డీతో సహా.

అంతటితో పోతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. మా వదినెగారు, అనగా ఆ పెద్దాయన ఇల్లాలు, బీడీలు చుడతారు. ఆమెకూ చక్కెరజబ్బు ఉన్నది. మేము తగ్గటం చూసి ముచ్చటపడితే, "మీరూ చేయండి వదినె" అని మేమే ఎక్కించాము. ఒకనాడు ఆమె పొద్దుటి మాత్ర వేసుకుని, తిండి మానేసి, ఒళ్లో చేట పెట్టుకుని కూర్చున్నారు. పదకొండు గంటలకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. చేట జారి ఆకూ తంబాకూ నేలపాలయ్యాయి. ఇంకా మ్రింగే తెలివి ఉన్నది గనుక పక్కింటివారు చక్కెరనీళ్లు త్రాగించి ఆసుపత్రికి తీసుకుపోయారు. కొన్ని రకాల చక్కెర మాత్రలు, ఇన్సులిన్ సూదులు పుచ్చుకునేవారు తిండి మానితే రక్తంలో చక్కెర ప్రాణాపాయమయ్యేంతగా పడిపోతుందని ఆనాడు తెలుసుకున్నాము. "మందు తినేవారు నన్నడగకుండా కంచం తగ్గించవచ్చునా?" అని డాక్టరుగారు కోప్పడ్డారు. మేము నోరెత్తలేదు. కాలు పోయిన ఆ ఇంట్లో ఇంకొక దీపం ఆర్పబోయామే అని రాత్రంతా నిద్రలేదు.

మర్నాడు మమ్మల్ని ఓదార్చింది పక్కింటి అవ్వ. ఒకప్పుడు మగ్గమెక్కి నేసిన చేతులవి. మా కథంతా విని అన్నది: "పడుగుల పోగు తెగితె ఏం జేస్తరు బిడ్డా? మగ్గమాపి అతుకుతరు, మళ్ల నేస్తరు. ఒక్క పోగు తెగిందని బట్టనంత కోసి పారేస్తరా?"

మేము పుట్టి పెరిగింది పోగుల మధ్యనే. అయినా ఈ మాట ఇంటిదాకా రాలేదు. పెండ్లినాడు మా తప్పు మొదటి పోలె తినటం కాదు. తెగిన పోగును వెంటనే అతకక వదిలివేయటం. అతకటం ఆలస్యమైతే పక్కపోగులు గూడా చిక్కుపడతాయని నేతగాడికి వేరే చెప్పాలా?

అప్పటినుంచి మేము కొత్త పథ్యాలజోలికి పోలేదు. మొదట కిరాణా లెక్క తీశాము. రోజుకు అయిదు చాయలు, చాయకు రెండు చెంచాలు చొప్పున ఒక్కొక్కరికి 50 గ్రాముల చక్కెర అయింది. నెలకు ఇద్దరికీ కలిపి మూడు కిలోలు! రోజుకు ఒక్కొక్కరికి 200 కెలొరీలు, ఆకలి తీర్చనివి. పిండివంటల్లో పడేది వేరు. చాయలు మూడుకు దించి, చక్కెరను పదిరోజులకొకసారి అరచెంచా చొప్పున తగ్గించాము. రెండు నెలలకు నాలుక అలవాటుపడింది. ఇప్పుడు పాత చాయ ఇస్తే పానకంలా తోస్తుంది.

శేంగా చట్నీ మానలేదు. అది మానితే షోలాపురంలో ఉండి లాభమేమి? కాని పల్లీలో దాదాపు సగం నూనెయే గనుక చేతికొద్దీ వడ్డించటం మాని చెంచాతో వేసుకుంటున్నాము. జొన్నరొట్టెలు తింటే లావు తగ్గుతారని ఒక నమ్మకమున్నది. జొన్నలు మంచివే, పీచుగలవే; కాని నాలుగు తింటే నాలుగింటి లెక్క అవి చెల్లించుకోక మానవు. మూడింటిని రెండు చేసి, ఆ చోట మెంతికూర పప్పు, మొలకెత్తిన మట్కీ, మజ్జిగ చేర్చాము. కడుపు కాలకుండా ఉండటమే మా మొదటి నియమం. ఆకలితో చేసిన ప్రతిజ్ఞ అర్ధరాత్రి వంటింట్లో ఓడిపోతుంది.

ఆడవారికి ఒక మాట చెప్పాలి. అందరూ తిన్న తరవాత గిన్నె అడుగున మిగిలింది పారేయలేక తినటం మన ఇండ్లలో ఆచారం. మేము వారం రోజులు గమనిస్తే అది రోజుకొక రొట్టెకు పైన తేలింది. ఎవరూ దాన్ని భోజనమనుకోరు, ఒళ్లు మాత్రం అనుకుంటుంది. ఇప్పుడు ఇంటావిడ అందరితోపాటే కూర్చుని తింటారు, కొలిచి వండుతారు, మిగిలితే మర్నాటికి.

నడక పది నిమిషాలతో మొదలుపెట్టాము. మన ఎండాకాలం సంగతి ఎరిగినదే గనుక తెల్లవారి అయిదింటికే బయలుదేరేవాళ్లం. రాత్రిపాళీ మగ్గాల చప్పుడు ఇంకా వినపడుతూ ఉండేది. "ఏందన్నా, షుగరొచ్చిందా?" అని అడిగేవారు కొందరు. మనలో చిక్కితే జబ్బనీ, లావైతే కలిమి అనీ అనుకుంటాము గదా! కొన్నాళ్లకు వారిలో ఇద్దరు మాతో కలిశారు. వారానికి 150 నిమిషాలకు తక్కువ కాకుండా చురుకైన నడకవంటిది కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే సరిపోతుంది. వానపడితే ఇంట్లోనే కుర్చీలోనుంచి చేతుల ఆసరా లేకుండా ఇరవైసార్లు లేచి కూర్చుంటాము. తిండి తగ్గినప్పుడు కొవ్వుతోబాటు కండ గూడా కరగకుండా ఇటువంటి పని కొంత కాపాడుతుంది. వదినెగారికి డాక్టరుగారు మాత్ర మార్చారు. ఆమె ఇప్పుడు వేళకు తింటారు. వంద బీడీలు చుట్టినప్పుడల్లా లేచి వాకిలిదాకా నడిచివస్తారు.

త్రాసు వారానికొకసారే ఎక్కుతాము, గురువారం పొద్దున, చాయకు ముందు. ఉప్పు, నీళ్లనుబట్టి ఒంటి బరువు ఒకటి రెండు కిలోలు అటూయిటూ అవుతూనే ఉంటుంది; రోజూ చూసుకుంటే రోజూ దుఃఖమే. దానికంటె టేపు నయం. మన దేశపు వైద్య నిపుణులు 2009లో కూడి, నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటరాదని నిర్ణయించారు. బట్టల ఊరివారం, టేపు లేని ఇల్లుండదు గదా.

బరువు కదలని నెలలు ఎన్నో గడిచాయి. అప్పుడు మాకు ధైర్యమిచ్చింది చెన్నపట్టణపు ముచ్చట. డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు జబ్బు గడపలో ఉన్న 531 మందిని కొన్ని వర్గాలుగా చేసి మూడేండ్లు కనిపెట్టి చూశారు. నడక, తిండి సవరించుకున్న వర్గంలో చక్కెరజబ్బు నూటికి 28 పాళ్లకు పైగా తగ్గిందని 2006లో ప్రకటించారు. విశేషమేమంటే వారి బరువులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు! ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉండవచ్చునన్నమాట.

పోగులు తెగకపోలేదు. సంక్రాంతికి సకినాలు, గడ్డా జాతరలో భజ్జీలు, బతుకమ్మకు సత్తుపిండి తింటూనే ఉన్నాము. మా నియమం ఒక్కటే: తప్పినది పండుగపూట గనుక మరుపూట మామూలు కంచం, మర్నాడు ఉపవాసం చేసి ప్రాయశ్చిత్తం చేసుకోరాదు. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు మగ్గాలు ఆగాయి, నడక ఆగింది, మూడేసి కిలోలు వచ్చాయి. మిద్దెమీద నడుస్తూ మళ్లీ అతుక్కున్నాము.

ఇన్నేండ్లకు మా బరువులు 77, 70. పిల్లలు నవ్వితే నవ్వారు. రక్తపరీక్షలో చక్కెర గడప దాటి లోపలికి రాలేదు. మోకాళ్లు మెట్లను తిట్టుకోవటం మానాయి. రేపటి మాట రేపు; ఈనాటి పోగు ఈనాడు అతుక్కోవటమే మా చేతిలో పని.

శ్రావణ పౌర్ణమినాడు మేము రథం వెంట నడుస్తాము. పెద్దాయన గుమ్మంలో కుర్చీ మీద మా కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఎంత బరువు తగ్గారని ఆయన మమ్మల్ని ఇంతవరకూ అడగలేదు. ఇంటికి రాగానే అడిగేది ఒక్కటే: "ఈసారి ఎందాక నడిచిండ్రు?"