పెద్దమ్మా, ఏ సబ్జెక్టు తీసుకోమంటావు?

మా చెల్లెలి కూతురు డిగ్రీ అయ్యాక అనకాపల్లిలో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, "పెద్దమ్మా, ఆప్షనల్ ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. నేను టీచర్ ట్రైనింగ్ చేసి చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఆ పరీక్ష ఎన్నడూ రాయలేదు. అయినా ఇద్దరం సిలబస్ ముందేసుకుని కూర్చున్నాం.

మెయిన్స్‌లో లెక్కకొచ్చే 1750 మార్కుల్లో 500 ఆప్షనల్‌వే. ఎంపిక తప్పితే ఏళ్లు పోతాయి. ఎస్టీలకు 37 ఏళ్ల వరకు అవకాశం ఉంది. కానీ అన్నాళ్లు కూర్చోబెట్టి చదివించే స్తోమత ఎన్ని ఇళ్లకుంది?

తన మనసులో రెండున్నాయి: తెలుగు సాహిత్యం, ఆంత్రోపాలజీ. తెలుగులో జాషువా, శ్రీశ్రీ తనకు ఇష్టమే. నన్నయ, తిక్కనల దగ్గరే భయం. "మన భాష లేదా?" అంది. సంతాలీ, బోడో 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చేరాయి గనుక వాటి సాహిత్యం తీసుకోవచ్చు. మన కొండల్లో మాట్లాడే కువికి ఆ చోటు లేదు.

ఆంత్రోపాలజీ రెండో పేపరులో గిరిజనుల గురించి చాలా ఉంది. "ఇదంతా మన సంగతే, పెద్దగా చదవక్కర్లేదు" అని నవ్వింది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. గిరిజనుల భూములు ఎలా పోతున్నాయో ఒక జవాబు రాయమన్నాను.

మూడు పేజీలు రాసింది. తాత అప్పు కింద జీడితోట షావుకారు చేతిలోకి ఎలా పోయిందో అంతా ఉంది. చదువుతుంటే నాకు కళ్లు తడిశాయి. కానీ 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ లేదు, దానికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అనేది, లేదు. 1997 సమతా తీర్పూ లేదు. ఆ మాటే చెప్పాను.

నోట్సు తెరిచి చూసి, "1/70 ఉండగా తాత తోట ఎలా పోయింది?" అని అడిగింది.

మా ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. అదీ కారణం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాడేరు ఏజెన్సీ అల్లూరి జిల్లాకు వెళ్లింది. రావికమతం, గొలుగొండ, మాడుగుల వైపు షెడ్యూలు బయటి గిరిజన ఊళ్లు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాయి. మనుషులు ఎస్టీలే గానీ వాళ్ల నేలకు ఆ చట్టం కాపలా లేదు. తాత తోట కథ చిన్నప్పటినుంచీ వింటున్న పిల్లకు దాని కారణం ఆ రోజే తెలిసింది.

చివరికి ఆంత్రోపాలజీయే తీసుకుంది. మనదని కాదు. చదివితే తప్ప మన సంగతి మనకే పూర్తిగా తెలియదని. పైగా విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది, అడగడానికి దగ్గర.

మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఎవరో మార్కులొస్తాయన్నారనీ, మన గురించే ఉందనీ తీసుకోకండి. అనుకున్న ప్రతి సబ్జెక్టులో ఒక్కో జవాబు రాసి, తెలిసినవాళ్లకు చూపించి, అప్పుడు తేల్చుకోండి.

ఆ జవాబు మళ్లీ రాసింది. తాత గురించి ఒక్క వాక్యమే ఉంచింది. "ఆ మూడు పేజీలో?" అన్నాను.

"దాచాను పెద్దమ్మా. అవి పరీక్షకు కాదు."