గురుభారం

గ్రీకు భాషలో బరువైనదని చెప్పే 'బారుస్' శబ్దానికీ, మన 'గురు' శబ్దానికీ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ గ్రీకు కుటుంబంలో పుట్టినదే 'బేరియాట్రిక్' అనే మాట. మూడు దశాబ్దాలు బడిలో గురువుననిపించుకున్నవాణ్ణి కనుక ఈ చుట్టరికం చూసి నవ్వుకున్నాను. (తెలుగు పండితుడికి ఇంతకుమించిన వినోదమేముంటుంది!) అయితే ఈ టపా వ్యుత్పత్తి కోసం కాదు. మా చెల్లెలి కూతురు ఆ శస్త్రచికిత్స చేయించుకొని రెండేళ్ళు నిండాయి. నాటినుండి బంధువర్గంలో ఒక మాట తిరుగుతున్నది: "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంది."

అమ్మాయి ఎత్తు 158 సెంటీమీటర్లు. నాటి బరువు 121 కిలోలు. మధుమేహానికి రోజూ ఇన్సులిన్. రాత్రివేళ గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. పదిహేనేళ్ళు అది నోరు కట్టుకున్న తీరు నేను కళ్ళారా చూశాను. జొన్నరొట్టెలు, ఉలవకట్టు, ఏకాదశులు, తెల్లవారుజామున నడక. పది కిలోలు తగ్గేది, ఏడాది తిరిగేసరికి పన్నెండు పెరిగేది. తగ్గిన బరువును శరీరం నష్టంగా ఎంచి, ఆకలిని పెంచి, శక్తి వ్యయాన్ని తగ్గించి, పోయినదంతా మళ్ళీ కూడబెట్టుకుంటుందట.

చరకసంహిత సూత్రస్థానంలో అష్టౌనిందితీయమనే అధ్యాయముంది. స్థౌల్యానికి కారణాలుగా అతిభోజనాన్నీ పగటినిద్రనూ చెప్పిన చరకుడు, బీజస్వభావాన్ని కూడా చెప్పాడు. మా బావగారి వంశాన్ని ఎరిగినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. అధికమైన ఆకలిని ఆయన రోగి లక్షణాలలో చేర్చాడు. మనవాళ్ళు మాత్రం దానికి 'తిండిపోతు' అని పేరుపెట్టి ఊరుకున్నారు.

ఈ పద్ధతికి ఆద్యులు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో. 1960ల నడుమ మొదలైంది. జీర్ణకోశం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. అన్నం మిగిలిన జీర్ణకోశాన్ని తాకకుండా సాగిపోతుంది. సంచి చిన్నదైనందువల్లనే బరువు తగ్గుతుందని నేననుకున్నాను గానీ, విషయం అంతకంటే లోతైనది. ఆహారం త్వరగా ప్రేగును చేరడంతో అక్కడ పుట్టే హార్మోనులు మారి, ఆకలే అణగుతుంది. బరువు చెప్పుకోదగినంతగా తగ్గకమునుపే చాలామందికి చక్కెర అదుపులోకి రావడం ఇందువల్లనే. ఆ హార్మోనులలో ఒకదాన్ని అనుకరించే సూదిమందులు మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. "కాస్త ఆగి ఉంటే సూదితో పోయేదిగా" అన్నవారున్నారు. సూది మానితే బరువు చాలావరకు తిరిగివస్తుందన్న సంగతి వారు చదివినట్టు లేదు.

శస్త్రచికిత్స జరిగిన మూడోనెలలో అమ్మాయి నాతో అన్నది: "మావయ్యా, 'చాలు' అనే మాట జన్మలో మొదటిసారి నా లోపలినుండి వచ్చింది." అంతవరకూ అది ఇతరులు దాని పళ్ళెం చూసి అనే మాట.

ఇది అడ్డదారి అనేవారు ఆ తర్వాతి దినచర్యను చూడాలి. తొలి వారాలు ద్రవాలే. భోజనం మధ్య మంచినీళ్ళు తాగరాదు. నాలుగోనెలలో జుట్టు కుచ్చులుగా ఊడింది. ఇనుము, కాల్షియం, బి12 జీవితాంతం వేసుకోవాలి, రక్తపరీక్షలు తప్పవు. ఇక మన మర్యాదలు వేరు. మొన్న ఫాల్గుణంలో ఒక పెళ్ళిపంక్తిలో ఒక పెద్దావిడ "నామీద ఒట్టే" అంటూ విస్తట్లో బొబ్బట్టు వేసింది. మొహమాటపడి సగం తిన్నది. పావుగంటలో ఒళ్ళంతా చెమటలు, గుండెదడ. తీపి ఒక్కసారిగా ప్రేగులో పడితే ఇలా అవుతుందట, దీన్ని డంపింగ్ అంటారు. ఆ పెద్దావిడ మాత్రం "తినక తినక నీరసం" అని తేల్చేసింది.

ఇప్పుడు 82 కిలోలు. కొన్ని నెలలుగా ముల్లు అక్కడే నిలిచింది. ఇన్సులిన్ లేదు, ఒక మాత్ర మిగిలింది. రాత్రి నిద్ర పడుతున్నది.

వచ్చే మాఘంలో మా ఇంట శుభకార్యముంది. వడ్డించేవారికి ఇప్పటినుండే చెబుతున్నాను, ఆ విస్తరి దగ్గర కొసరవద్దని.