చెన్నపురి ట్రాము - ఎల్లారెడ్డి బస్సు

ఎల్లారెడ్డికి రైలు లేదు గాన, కామారెడ్డి స్టేషనులో దిగి బస్సు నెక్కితిమి. బస్సు నిండ స్త్రీలే యుండిరి. 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులందు స్త్రీలకు ఛార్జీ లేదు. ఆ సందడిలో చెన్నపురి ట్రాముబండి కథ మా తలపునకు వచ్చినది.

మన దేశమున మొదటి విద్యుత్తు ట్రాము 1895లో అచ్చటనే నడచెను. తొలుత నేలలోని గాడియందలి తీగనుండి విద్యుచ్ఛక్తిని గైకొనెడిది. వానలకు ఆ యేర్పాటు నిలువకపోగా పైన తీగలు కట్టిరి. ఊరివారికి నిత్యవాహనమైన ఆ బండి, కంపెనీ నష్టములపాలగుటచే 1953 ఏప్రిలులో నిలిచిపోయెను.

బండి నిలుచుటకు ఎక్కువారు కరవు గానక్కరలేదు. వ్యయము భరించువారు లేకున్న జాలును. సోదరీమణులారా! నేడు మన ఛార్జీని ప్రభుత్వము భరించుచున్నది. ఆ పైకము బస్సుసంస్థకు సక్రమముగా చేరుచున్నదా యని అడుగుట మన విధి.