రెండు మార్తల కన్నీళ్లు



‘బ్లాక్ మిర్రర్’ అనే ఇంగ్లాండు సీరియల్లో 2013లో వచ్చిన ‘బీ రైట్ బ్యాక్’ ఎపిసోడ్ సగం నచ్చింది, సగం మనసును కలతపెట్టింది.

మార్త ప్రేమించిన యాష్ కారు ప్రమాదంలో చనిపోతాడు. అతని మెసేజీలు, వీడియోలు పోగుచేసి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం అతనిలాగే మాట్లాడుతుంది. చివరికి అచ్చం అతనిలాంటి బొమ్మే ఇంటికొస్తుంది.

మార్త ఆశను ఆ కథ ఎగతాళి చేయలేదు. అది నాకు నచ్చింది. పోయినవారి గొంతు ఒక్కసారి వింటే చాలని మనలో ఎంతమందికి అనిపించలేదు?

కానీ ఆ బొమ్మ కొండ అంచున దూకమంటే దూకబోతుంది. యాష్ అయితే భయపడి ఏడ్చేవాడని ఆమె అంటే, అప్పుడు ఏడుస్తుంది. చెబితే వచ్చే కన్నీళ్లు ఎవరిని ఓదారుస్తాయి? ఆమె దాన్ని పారేయలేక అటక మీద ఉంచేస్తుంది. ఏళ్లు గడిచినా ఆ దుఃఖం తీరలేదు, అటకెక్కిందంతే.

బేతనియలోని మార్త కూడా సహోదరుణ్ణి పోగొట్టుకుంది. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ప్రభువు ముందు కన్నీళ్లు విడిచారు. ఆ కన్నీళ్లు ఎవరూ అడిగినవి కావు.

ఈ ఏడు మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు మన సంఘంలో ఉన్నాయి. ఈ వారం వెళ్లి వారి పక్కన కూర్చోండి. పోయినవారి సంగతులు చెప్పుకోనివ్వండి.