ఫోనుకు చిక్కని డోలు

ఖమ్మంలో పాత పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లతో కూర్చుంటే మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది: ఆనాటి రికార్డులో ఉన్న నిండుదనం ఈనాటి పాటలో లేదని. ఆ పాటల మీద ప్రేమ నాకూ ఉంది. ఆ మాట మాత్రం సగమే ఒప్పుకుంటాను.

ముందు లక్క ప్లేటు సంగతి చూద్దాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. భద్రాచల రామదాసు కీర్తనకు అయిదారు చరణాలుంటే రెండు పాడి ముగించాల్సిందే. ఎల్పీ వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది, గాయకుడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు ఇంటింటికీ చేరాడంటే విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, రికార్డులు, ఆ తర్వాత క్యాసెట్లు కారణం. అయితే ఆ రోజుల్లో మన ఇళ్లదాకా వచ్చిన శబ్దం ఎంత? మీడియం వేవ్ ప్రసారంలో దాదాపు 5,000 హెర్ట్జ్ పైన ఉన్నది రేడియోలో వినపడేదే కాదు. మనిషి చెవి 20,000 దాకా వినగలదు. పాట వచ్చేది, సాహిత్యం తెలిసేది. తంబురా తీగ మీద సన్నగా పలికే పై స్వరాలు మాత్రం దారిలోనే ఆగిపోయేవి. కొత్తగూడెం ఆకాశవాణి ఎఫ్ఎం మీద అదే కీర్తన వింటే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, ఎఫ్ఎం 15,000 దాకా మోసుకొస్తుంది.

క్యాసెట్టు మీద నాకు మమకారం ఉంది గానీ, దానిని మంచి శబ్దమని మెచ్చుకోలేను. టేపు సెకనుకు అయిదు సెంటీమీటర్లు కూడా కదలదు. కదిలినంతసేపూ వెనక సన్నటి బుస. ఊళ్లలో అసలు క్యాసెట్టు కొన్నవాళ్లకన్నా ఖాళీ క్యాసెట్టులో పాటలు నింపించుకున్నవాళ్లే ఎక్కువ. కాపీకి కాపీ తీసినకొద్దీ బుస పెరిగేది, గొంతు మసకబారేది. అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఉండే వ్యత్యాసం మామూలు క్యాసెట్టులో 50 డెసిబెల్స్ పైచిలుకు, మంచి ఎల్పీలో 60, 70. 1982లో అమ్మకానికొచ్చిన సీడీలో 96. కొలిచి చూస్తే డిజిటల్‌దే గెలుపు, అందులో వాదనకు తావు లేదు.

మరి పాతవాళ్ల అసంతృప్తి ఎందుకు? సాధనం పెరిగినకొద్దీ దాన్ని వాడే ఓర్పు తగ్గింది. ఒకప్పుడు సినిమా పాటకు గాయకులూ వాద్యకారులూ ఒకేసారి ఒకే గదిలో కూర్చునేవారు. వయొలిన్ల నాదం గాయని మైకులోకీ కొంత వచ్చేది. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కోరోజు వచ్చి తమ ముక్క ఇచ్చి వెళ్తారు. పైగా పాట పక్క పాటకంటే గట్టిగా మోగాలన్న పోటీ 1990ల నుంచి ముదిరి, మెల్లని చోట్లన్నీ పైకి లేపి, గట్టి చోట్లన్నీ అణిచేశారు. 96 డెసిబెల్స్ చోటిచ్చిన సాధనంలో పట్టుమని పది కూడా వాడని పాటలున్నాయి. పాతవాళ్లు లేదంటున్న నిండుదనం ఆ మెల్లని, గట్టి చోట్ల మధ్య తేడాలోదే.

అయితే నా బాధ రామదాసు గురించి కాదు. ఆయన కీర్తనలు తంజావూరు సంప్రదాయం నుంచి సినిమాదాకా ఎంతోమంది గొంతుల్లో భద్రంగా ఉన్నాయి. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే, ఇటు మణుగూరు చుట్టుపక్కల కోయగూడేల్లో తిరిగితే, రికార్డు కంపెనీలు పెద్దగా పట్టించుకోని సంగీతం వినిపిస్తుంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు కథలను కంచుమేళంతో, కంచుతాళంతో పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. గంటలకొద్దీ సాగే ఆ గానం మూడు నిమిషాల ప్లేటులోనూ, ముప్పై నిమిషాల క్యాసెట్టు వైపులోనూ పట్టేది కాదు. దానికి సరిపడా చోటు మొదటిసారి దొరికింది ఈ డిజిటల్ కాలంలోనే.

దొరికిన చోటును ఏం చేస్తున్నాం? అందరం ఫోను పైకెత్తి పట్టుకుంటున్నాం. ఫోను మైకు మాట కోసం తయారైంది. పెద్ద శబ్దం రాగానే అది తనంతట తానే మోతాదు తగ్గించేస్తుంది. కోయల కొమ్ము నాట్యంలో డోలు మీద దెబ్బ పడుతుంది, ఆ క్షణంలో పక్కనున్న రేల పాట మునిగిపోతుంది, దెబ్బ పోయాక మళ్లీ తేలుతుంది. తాళం మీద తాళం ఇలా పాట ఎగిసి పడుతూ ఉంటే వినేవాడికి అది ఆ పాట స్వభావమేమో అనిపిస్తుంది. కంచుతాళం మోగి చాలాసేపు నిలిచే ఆ గణగణను రొదగా లెక్కగట్టి చెరిపేసే ఫోన్లు కూడా ఉన్నాయి. తర్వాత ఆ వీడియోను ఒకరికొకరు పంపుకుంటుంటే ఇంకా నలుగుతుంది. చివరికి అరచేతిలోని చిన్న స్పీకరులో డోలు అడుగు స్వరం అసలు పలకదు. టకటకమనే చర్మం చప్పుడు మిగులుతుంది. ఛాతీకి తగిలే దెబ్బ రికార్డులో లేనే లేదు. రేపు ఒక కోయ పిల్లవాడు తాతల డోలు ఎలా మోగేదో తెలుసుకోవాలనుకుంటే ఈ టకటకే ఆధారమవుతుందేమోనని నాకు నిజంగా భయం.

ఆ డోలును సరిగ్గా రికార్డు చేయడం డబ్బుతో ముడిపడిన పని కాదని పదేపదే చెప్పాలనిపిస్తుంది. జేబులో పట్టే రికార్డరులో నలభై ఎనిమిది వేల హెర్ట్జ్, 24 బిట్ల మీద రెండు మైకులతో గంట పాట ఎత్తితే ఒక గిగాబైటు అవుతుంది. రాత్రంతా పాడినా ఒక చిన్న కార్డు సరిపోతుంది. మోతాదు తనంతట తాను మారే ఏర్పాటు ఆపేసి, ముందుగా డోలుమీద గట్టి దెబ్బ ఒకటి కొట్టమని అడిగి, ఆ దెబ్బ పగలకుండా మోతాదు చేత్తో సరిచూసుకోవాలి. మైకులను డోళ్లకు దూరంగా, పాడేవాళ్లకు దగ్గరగా నిలపాలి. కదిలించకూడదు. పాడినవాళ్ల పేర్లు, ఊరు, తేదీ వాళ్ల గొంతుతోనే చెప్పించి అందులోనే ఉంచాలి. ఒక కాపీ ముందుగా ఆ గూడేనికి ఇచ్చి రావాలి.