చూపించకుండా చూడడం

అనంతపురం,
ఆదివారం

మామా,

ఫోన్లో జవాబిస్తే రెండు లైన్లకే అయిపోతాదని కాగితం తీసుకున్నా. "యూజబిలిటీ టెస్టింగ్ నేర్పిస్తాండావంటనే, మన కరువు సీమలో ఎవరితో చేయిస్తావప్పా?" అని ఎగతాళిగా అడిగినావు కదా. రైతులతోనే చేయిస్తాండా.

బీటెక్‌లో ఇప్పుడు డిజైన్ థింకింగ్ అని ఒక సబ్జెక్టుంది. ఊర్లలో తిరిగి చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టూ ఉంది. రెండూ కలిపి మా పిల్లోల్లను పల్లెలకు తోలుతున్నా. ఈసారి ఒక గుంపు తయారుచేసింది శెనక్కాయ రైతు తన పంట తానే నమోదు చేసుకునే యాప్. నిజం యాప్ కాదులే, అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో గీసిన తెరలు. రైతు బొమ్మ మీద వేలు పెడితే పక్కన కూచున్న పిల్లోడు అట్ట మారుస్తాడు. కోడు రాసినాక తప్పు దొరికితే మనోల్లు దిద్దరు, వాదిస్తారు. అట్టైతే చించి పారేసేదానికి ఎవరికీ మనసు నొయ్యదు.

మొదటి రోజు పోయొచ్చి, "అందరికీ బాగా నచ్చింది సార్" అన్నారు. నచ్చక ఏం చేస్తాది? ఎండన పడి వచ్చిన చదువుకునే పిల్లోడు "పెద్దాయనా, ఇది బాగుందా?" అంటే, మన పక్క ఎవరన్నా బాగలేదంటారా? మజ్జిగిచ్చి మరీ బాగుందంటారు. అందుకే ఆ ప్రశ్నే అడగొద్దన్నా. "మీ చేన్లో శెనక్కాయతో పాటు కందీ వేసినారు కదా, రెండూ ఎక్కించు పెద్దాయనా" అని పని అప్పజెప్పి నోరు మూసుకోమన్నా. ఆ నోరు మూసుకునేదే మామా, సెమిస్టరంతా చెప్పినా రాని విద్య. ఆయన వేలు గాల్లో ఆగిందంటే చాలు, మనోడి చెయ్యి ముందుకు పోతాది: "ఈడ నొక్కు పెద్దాయనా." అంతే, తెలుసుకోవాల్సింది పోయినట్లే. మర్యాద తెలిసిన పిల్లోల్లే ఇందులో ఎక్కువ ఫెయిలవుతారు. పెద్దాయన అవస్థ పడుతుంటే చూస్తా కూచోవడం వాళ్లింట్లో ఎవరూ నేర్పలేదు.

విత్తిన తేదీ అడిగే తెర దగ్గర ఒకాయన చానాసేపు ఆగిపోయినాడు. మృగశిర పోయి ఆరుద్ర చేరినాక పదునైందని, మరుసటి రోజే గొర్రు కట్టినానని ఆయనకు బాగా గుర్తుంది. జూన్‌లో ఎన్నో తేదీ అంటే మాత్రం గుర్తులేదు. "మాకు సదువు లేదు నాయనా" అని తప్పు తన మీద వేసుకున్నాడు. మనోల్లు రాసుకొచ్చిందేమో, "క్యాలెండర్ బొమ్మ పెద్దది చేయాల" అని! అదే గుంపులో ఒక అమ్మాయి మాత్రం కార్తెల పేర్లతో ఇంకో అట్ట గీసింది. మళ్ళా పోయి చూపిస్తే ఆయన వేలు ఆగనే లేదు.

మీ ఆఫీసులో అద్దం వెనకాల కూచోని చూస్తారంట కదా. ఈడ ఊరంతా అరుగు చుట్టూ నిలబడి చూస్తాది, జవాబులూ వాళ్ళే చెప్తారు. పొదుపు సంఘం ఆడోల్ల దగ్గర దీన్నే లాభానికి తిప్పుకున్నాం. మనసులో అనుకునేది పైకి చెప్పండి అంటే ఒక్క మనిషి సిగ్గుపడుతుంది. ఇద్దర్ని కలిపి కూచోబెడితే ఒకరికొకరు చెప్పుకుంటారు, మనం వింటే చాలు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, కుట్టుమిషను కుట్టెట్ల వేస్తాదో ఇద్దరిద్దరితో మాట్లాడించి నవోమీ మియాకే అనే జపాన్ పరిశోధకురాలు 1986లోనే రాసింది.

యూజబిలిటీ నిపుణుడు నీల్సన్ లెక్క చెప్పి నన్ను తిట్టబోతావని తెలుసు. ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు బయటపెడతాడు, ఐదుగురైతే 85 శాతం దాకా దొరుకుతాయి, ఇంకెందుకు తిరుగుడు అంటావు. అందరూ ఒకే రకం మనుషులైతేనే అది. సొంత చేను రైతు వేరు, కౌలు రైతు వేరు, ఫోను కొడుకు చేతిలో ఉండే తల్లి వేరు. రకరకాల వాళ్లుంటే ఒక్కో రకంలో ముగ్గురు నలుగుర్ని చూడమని నీల్సనే అన్నాడు. ఆ సగం మాత్రం పిల్లోల్లు చదవరు.

వాళ్లకు చెప్పే సంగతి ఇంకోటుంది. 2016లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు శెనక్కాయ ఎప్పుడు విత్తాలో కబురు పంపినాయి. లోపల క్లౌడూ, లెక్కలూ ఎన్నున్నా, రైతు చేతికి చేరింది తెలుగులో ఒక ఎస్సెమ్మెస్. మామూలు ఫోనుంటే చాలు. తెరలు ఎక్కువ గీసినోళ్లకు ఎక్కువ మార్కులని నమ్మే మావాళ్లకు ఇది ఏటేటా చెప్తా.

అసలు నన్ను ఇబ్బంది పెడతాండేది వేరే. ఈ జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, అదీ పడాల్సినప్పుడు పడదు. కరువొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అట్ట చేతబట్టుకొని వచ్చి పేర్లు రాసుకుపోతారు. మా పిల్లోల్ల చేతిలోనూ అట్టలే! టెస్టు అయిపోయినాక ఒకాయన అడిగినాడంట, "బీమాకు నా పేరెక్కింది కదా నాయనా?" అని. అది నిజం నమోదు అనుకొనే, తప్పు పోతే డబ్బులు రావని భయపడుతా అంత నిదానంగా చేసినాడు. మేము ఆ నిదానాన్ని వాడకంలో కష్టం కింద రాసుకున్నాం. ఇప్పుడు మొదట "మేము సర్కారోల్లం కాదు, ఇందులో ఏదీ ఎక్కదు" అని రెండుసార్లు చెప్పిస్తున్నా. అట్ల చెప్తే కొందరు లేచి పోతాండారు. పోనీలే, పోవాల్సిందే. మిగిలినోల్లకేమో ఊరికే చేసే పని కాబట్టి శ్రద్ధ తగ్గుతాది. వాళ్ల పొద్దు పోయినందుకు ఏమన్నా ఇద్దామంటే, మళ్ళా బాగుందనే మాటే వస్తాది. మీ పక్క కూపన్లిస్తారంట, దాంతో జవాబులు మారవా? ఇది నీకు అనుభవమున్న సంగతి కాబట్టి వివరంగా రాయి.

ఆగస్టులో వస్తే ఒకరోజు మా పిల్లోల్లతో పల్లెకు పోదాం. డబ్బులిచ్చే స్తోమత లేదు, ఓళిగలు మాత్రం చేయిస్తా. అమ్మను అడిగినానని చెప్పు.

నీ
మామ