తిరిగి వస్తావని రుజువేంది?

పోయిన నెల ఒక చెల్లెలు వీసా గురించి అడిగింది. రెండు ముక్కల్లో చెప్పేది కాదని అప్పుడు ఊరుకున్నా. ఈ రోజు కూర్చొని రాస్తున్నా. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది పాణ్యం మండలంలో ఒక సుగాలి తండా. నేను పీహెచ్‌డీ చేస్తున్నా. ప్రతి ఏడాది జెనీవాలో ఆదివాసుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సమావేశం జరుగుతుంది. మనలాంటి వాళ్లు అక్కడికొచ్చి మాట్లాడటానికి 1985లో పెట్టిన నిధి ఒకటుంది. టికెట్టు, ఉండే ఖర్చు అదే ఇస్తుంది. మా సంఘం తరఫున పెట్టుకుంటే నాకు వచ్చింది. ఆ రోజు తండాలో ఇంటింటికీ స్వీట్లు పంచినాం. అసలు పని ఇంకా మొదలే కాలేదని నాకప్పుడు తెలీదు.

స్విట్జర్లాండ్‌కు షెంజెన్ వీసా కావాలి. దీని మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందన్నా పెట్టాలి. ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఇవన్నీ చదివితే తెలిసేవే. నేను ఇరుక్కున్నది వేరే చోట.

మొదటిది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు రమావత్ అని పూర్తిగా ఉంది. టెన్త్ మెమోలో ఒట్టి ‘ఆర్’, చివర నాయక్. ఆధార్‌లో నాయకే లేదు. బడిలో చేర్చేటప్పుడు సారు ఏది రాస్తే అదే మన పేరు కదా! ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని నంద్యాలలో నోటరీ అఫిడవిట్ చేయించినా. వేలిముద్ర అడుగుతారేమోనని మా నాయన కూలి పని మానుకొని నా వెంట వచ్చినాడు. ఎవరూ అడగలేదు.

రెండోదే పెద్దది. గడువులోపల వెనక్కి పోతాడన్న నమ్మకం వాళ్లకు కుదరకపోతే వీసా ఇవ్వరు. ఉద్యోగం, ఆస్తి, బ్యాంకులో డబ్బు చూపించమంటారు. మాకున్నది రెండెకరాల డీకేటీ పట్టా, ఉపాధి హామీ జాబ్ కార్డు. యాడి, నాయన ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఆ మూడు నెలలు తండాలో ముసలోళ్లు, పిల్లలే. ఉగాదికి అందరూ వచ్చేస్తారు. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా రాకుండా ఉన్నది లేదు. దానికి కాగితం ఎవరిస్తారు?

“రెండు లక్షలు నీ అకౌంట్‌లో వేస్తా అల్లుడా, నెల తర్వాత ఇచ్చేయి. రెండు రూపాయల వడ్డీనే” అన్నాడు మా మామ. ప్రేమతోనే అన్నాడు. ఇంకొకాయన, ఏజెంటంట, బ్యాంకు స్టేట్‌మెంటే తయారుచేసి ఇస్తానన్నాడు. నిజం చెప్తున్నా, ఆ రాత్రి నాకు ఆశ పుట్టింది. కానీ ఉన్నట్టుండి రెండు లక్షలు పడితే చూసేవాళ్లకు తెలీదా? దొంగ కాగితమైతే ఇంకా ఘోరం. ఒకసారి తిరస్కరిస్తే ఆ రికార్డు ఐదేళ్లు షెంజెన్ దేశాలన్నిటికీ కనపడుతుంది. మన తర్వాత మన తండా నుంచి పోయే పిల్లోడికి మనమే అడ్డం కావాలా?

ఉన్నది ఉన్నట్టే పెట్టినా. ఫెలోషిప్ పడే అకౌంట్, బ్యాలెన్స్ పదకొండు వేల చిల్లర. ఖర్చంతా మాదేనని నిధి వాళ్లిచ్చిన ఉత్తరం. యూనివర్సిటీ బోనఫైడ్. ఫలానా తేదీకి సెమినార్ ఇవ్వాల్సి ఉందని మా గైడ్ రాసిచ్చిన లెటర్. ఒక పేజీ కవర్ లెటర్ నేనే రాసుకున్నా, అందులో మిరప కోతల సంగతి కూడా దాచలేదు. పట్టా జిరాక్సు కూడా జత చేసినా.

హైదరాబాద్ వీసా సెంటర్‌లో పది వేళ్ల ముద్రలు, ఫొటో తీసుకున్నారు. కౌంటర్‌లో అమ్మాయి పట్టా తిరగేసి “ఇది అవసరమా?” అంది. “ఉండనీండి మేడమ్” అన్నా.

పన్నెండో రోజు పాస్‌పోర్టు వచ్చింది, వీసాతో. ఎన్ని రోజులు ఇచ్చినారని అడిగినాడు నాయన. పది అన్నా. “గుంటూరు పోతేనే మూడు నెలలు ఉంటాం కదరా, పది రోజులకు ఇన్ని కాగితాలా?” అన్నాడు.

మెమో, ఆధార్ పేర్లు కలవని వాళ్లు ఇప్పుడే సరిచేసుకోండి, దానికే నెలలు పడుతుంది. నా కవర్ లెటర్ కావాలంటే కింద చెప్పండి, పంపిస్తా.